మంచుమీద చక్కెర

గుడ్డు సొన గట్టిపడకుండా వేయించి, రొట్టెముక్క తుంచి అందులో అద్దుకు తినేదాన్ని మా ఊళ్ళో ముంచుడు గుడ్డంటారు. మా పెన్సిల్వేనియా కొండల్లో ఎవరింట్లో అడిగినా అదే మాట. భార్య పోయిన రాయిస్‌ని పెళ్ళి చేసుకుని వెర్మాంట్ వచ్చిన మర్నాడు పొద్దున, పెనం పొయ్యిమీద పెట్టి, గరిట చేత్తో పట్టుకుని ఇటు తిరిగాను.

"ముంచుడు గుడ్లు ఎవరెవరికి?"

బల్ల దగ్గర ముగ్గురున్నారు. రాయిస్, అతని బాబాయి క్లేటన్, పదేళ్ళ కూతురు ఆర్లీన్. ముగ్గురూ తలలెత్తి నన్నూ గుడ్లనూ మార్చి మార్చి చూశారు. ముందు నోరు విప్పింది క్లేటన్ మావయ్యే.

"గుడ్లని ఎందులో ముంచుతావమ్మాయ్? నీళ్ళలోనా, నూనెలోనా?"

"గుడ్లని ముంచరు మావయ్యా. గుడ్లలో ముంచుతారు."

"ఓహో. ఈదడం వచ్చినవాళ్ళే తినాలి కాబోలు."

రాయిస్ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆర్లీన్ మాత్రం నవ్వలేదు. పళ్ళెం కొంచెం ముందుకు జరిపి, చాలా మర్యాదగా చెప్పింది.

"మా అమ్మ వాటిని అలా అనదండీ."

వాళ్ళమ్మ హేజల్ పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. పిల్ల 'అనేది కాదు' అంటుందనుకున్నాను. 'అనదు' అంది. అదేదో ఆవిడ పక్కగదిలో దుప్పట్లు మడతపెడుతున్నట్టూ, వినబడితే నొచ్చుకుంటుందన్నట్టూ. రాయిస్ పేపరు మడిచి కిటికీలోంచి బయటికి చూశాడు. నేను గుడ్లు పళ్ళేల్లో పెట్టాను. అవి ఏ పేరూ లేకుండానే చల్లారిపోయాయి.

ఆ చలికాలపు చివరి రోజులు, ఆ తర్వాత వచ్చిన చక్కెర కాలం, అంటే మేపుల్ చెట్లనుంచి పాకం తీసే రోజులు, ఇప్పుడు తల్చుకుంటే అన్నీ ఆవిరిలోంచి చూసినట్టే ఉంటాయి. ఇంటి చుట్టూ నడుంలోతు మంచు. దానిమీద ఎండ పడితే వంటగది కప్పు కూడా తెల్లగా వెలిగేది. చప్పుళ్ళన్నీ దూరంగా, మెత్తగా వినిపించేవి. నేను మాత్రం ఆ మెత్తదనానికి లొంగేదాన్ని కాదు. నాది మొదటినుంచీ కాస్త మొండి బుర్ర.

అక్కడ నేను ఏది వండినా తప్పు లేదు గానీ దాని పేరు చెబితే తప్పు. మాకరోనీలో మాంసం కైమా, టమాటాలు వేసి కలిపిందాన్ని గౌలాష్ అన్నాను. "అది అమెరికన్ చాప్ సూయీ అండీ" అంది ఆర్లీన్. అందులో చాప్ సూయీ ఏముందో, అమెరికా ఎంతుందో నాకిప్పటికీ తెలీదు. విరిగిన పాలతో చేసే మెత్తటి జున్నుని స్మియర్‌కేస్ అన్నాను. అదేదో రోగం పేరనుకున్నాడు క్లేటన్ మావయ్య. పొడుగాటి రొట్టె చీల్చి మాంసం పెడితే మాకు హోగీ, వాళ్ళకి గ్రైండర్. "రొట్టె తింటున్నామా, మిల్లు తింటున్నామా" అని నేనంటే రాయిస్ నవ్వేవాడు. పిల్ల నవ్వదు. "మా అమ్మ అలా అనదండీ." అంతే. గొంతు పెంచదు, మొహం మాడ్చదు. నేను కోప్పడటానికి వీల్లేకుండా ఆ 'అండీ' ఒకటి తగిలించేది. నన్ను 'అమ్మా' అనమని ఎవరూ అడగలేదు. తను నన్ను ఏ పేరుతోనూ పిలిచేది కాదు.

పెట్టె ఫ్రీజరు కట్టెల కొట్టంలో ఉండేది. వచ్చిన వారానికో ఏమో, బుంగమిరపకాయల కోసం దాని మూతెత్తాను. హేజల్ తన తోటలో కాసినవి కోసి, గింజలు తీసి, సంచుల్లో కట్టి దాచింది. ఆవిడ పనితనం ఆ ఫ్రీజరంతా కనిపించేది. బీన్సు ఒకవైపు, బెర్రీలు ఒకవైపు, మాంసం కాగితాల్లో చుట్టి అడుగున. అన్నిటికీ పైన మధ్యలో, వేరే ఏదీ తగలకుండా, మూతున్న తగరపు డబ్బా ఒకటి ఉంది. పందికొవ్వు అమ్మే డబ్బాల్లాంటిది. మూత తీస్తే నిండా మంచు.

నాకు నవ్వొచ్చింది. వాకిట్లో అడుగు పెడితే కూరుకుపోయేంత మంచుంటే ఫ్రీజర్లో దాచుకోవడం ఏమిటి? మిరపకాయల సంచి తెచ్చుకుని రాయిస్‌తో అన్నాను.

"మామిడికాయలు దొరికాయి. కైమా కూరి వండుతాను. అవునుగానీ, ఆ డబ్బాలో మంచేమిటి? ఎండాకాలం కరువొస్తుందని దాచారా?"

మా ఊళ్ళో బుంగమిరపకాయని మామిడికాయ అంటారని అతనికి చెప్పే ఉన్నాను కాబట్టి దాని గురించి అడగలేదు. కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"ఆర్లీన్ పుట్టింది జులైలో. ప్రతి పుట్టినరోజుకీ దానికి మంచుమీద చక్కెర కావాలి, కాచిన పాకం మంచుమీద పోసుకుని తినేది. అందుకని హేజల్ మార్చిలోనే ఒక డబ్బా నింపి దాచేది. ఆ ఏడాదీ నింపింది. అప్పటికే ఒంట్లో బాగా లేదు. నేను వద్దంటే వినకుండా శాలువా కప్పుకుని వెళ్ళి, ఉత్తరం వైపు శుభ్రంగా ఉన్న మంచు ఏరుకొచ్చింది. జూన్‌లో పోయింది."

"మరి జులైలో?"

"ఎవరు చేస్తారు? పిల్ల ఆ డబ్బా ముట్టుకోనివ్వదు. పోయిన ఏడాది చక్కెర కాలంలో కూడా మేమెవరం ఆ పేరెత్తలేదు. నువ్వూ దాని జోలికెళ్ళకు, వెర్నా."

వెళ్ళనన్నాను. ఆ రోజు సాయంత్రమే గమనించాను. బడి బస్సు దిగి ఆర్లీన్ తిన్నగా ఇంట్లోకి రాదు. ముందు కట్టెల కొట్టంలో ఫ్రీజరు మూత కిర్రుమంటుంది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. మళ్ళీ కిర్రుమని మూసుకుంటుంది. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంటుంది. అలా రోజూ.

ఆదివారాలు మా అక్క ఐడా ఫోన్ చేసేది. "ఆ పిల్ల దారికొచ్చిందా?" అని అడిగేది. రాలేదని చెప్పేదాన్ని. తన బేకరీ మీద గదొకటి ఖాళీగా ఉంచానని, ఎవరికీ అద్దెకివ్వనని అనేది. ఒక ఆదివారం నాకు విసుగొచ్చి, రాయిస్ వింటుండగానే అన్నాను.

"చక్కెర కాలం అయిపోయి బకెట్లు కడిగేదాకా చూస్తానక్కా. అప్పటికీ నేనీ ఇంట్లో చుట్టపుచూపు మనిషినే అయితే వచ్చేస్తా."

ఫోన్ పెట్టేశాక రాయిస్ పొయ్యిలో కట్టె ఒకటి ఎక్కువ వేశాడు. మంచివాడు, మాట పెగలని మనిషి. పదేళ్ళ పిల్లని బతిమాలి నన్ను ఒప్పుకునేలా చెయ్యమని అతన్ని ఎలా అడగను? అక్కడుండిపోవాలని నాకు ఎంతుండేదో ఆ చక్కెర కాలమే చెప్పింది. ఆ పని నా చేతుల్లోనే పుట్టింది మరి. మా నాన్నకీ మేపుల్ తోపుండేది.

రాత్రిళ్ళు గడ్డకట్టి, పగళ్ళు కరిగే రోజులు మార్చి మొదట్లో వచ్చాయి. చెట్లకి కన్నాలు పెట్టి బకెట్లు తగిలించాం. ఎండెక్కితే ఆ తోపంతా టప్ టప్‌మని సన్నగా మోగేది. నిలబడి వింటుంటే నిద్ర ముంచుకొచ్చేది. బకెట్లలో పడేదాన్ని మా ఊళ్ళో చక్కెర నీళ్ళంటాం. అక్కడ రసం అంటారు. కాచే చోటు మాకు చక్కెర కాంపు, వాళ్ళకి చక్కెర కొట్టం. క్లేటన్ మావయ్యకి ఇదంతా పెద్ద వేడుక.

"అమ్మాయ్, నీ నీళ్ళు తెచ్చాను. నా రసం ఇంకా ట్రాక్టరు మీదుంది" అని పిలిచేవాడు, ట్యాంకు ఒకటే అయినా.

"నా నీళ్ళు ముందు పొయ్యండి. మీ రసం కన్నా త్వరగా చిక్కబడతాయి" అనేదాన్ని.

ఆయన పొయ్యిలో కట్టెలు ఎగదోసేవాడు. నేను పాకం కాగే వెడల్పాటి పళ్ళేల దగ్గర నిలబడేదాన్ని. ఆవిరి కప్పులోంచి తెల్లగా పైకి లేచిపోయేది. లోపల ఎదుటి మనిషి మొహం కనిపించేది కాదు, గొంతు ఒకటే వచ్చేది. నురగ పొంగుకొస్తే ఒక్క చుక్క మీగడ వేసేదాన్ని, అణిగిపోయేది. గరిటె ఎత్తి వంచితే పాకం చుక్కలుగా కాక అంచు పొడుగునా తెరలాగా జారాలి. అది జారే క్షణం మా నాన్న నాకు చూపించాడు. రాయిస్ మొదటిరోజు నా పక్కన అనుమానంగా నిలబడ్డాడు. రెండోరోజు నుంచి తోపులోకి వెళ్ళిపోయి పళ్ళేలు నాకొదిలేశాడు.

ఒక శనివారం ఆర్లీన్ చక్కెర కొట్టంలోకి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిరిలో తన టోపీ ఎరుపు ఒకటే కనబడుతోంది. నేను గరిటె వంచి చూస్తూ, నన్ను నేను మరిచిపోయి అన్నాను.

"ఇప్పుడు గిన్నెలో ఇంకాస్త కాస్తే స్పాట్జాకి వస్తుంది."

"దేనికండీ?"

"స్పాట్జా. ముదురు పాకం సన్నగా మంచుమీద పోస్తే తీగలాగా సాగుతుందే, అది."

అనేశాక నాలిక కరుచుకున్నాను. రాబోయే మాట నాకు తెలుసు. ఆవిరి అవతలనుంచి అది రాలేదు. తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది. ఆ రోజు ఫ్రీజరు మూత రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది.

మార్చి నెలాఖర్లో గడ్డకట్టే వాన పడింది. కొమ్మలన్నీ గాజు తొడుక్కున్నట్టై విరిగి తీగలమీద పడ్డాయి. కరెంటు పోయింది. మాకు పెద్దగా తేడా తెలియలేదు. ఇంట్లో పొయ్యి కట్టెలదే, చక్కెర కొట్టంలోదీ కట్టెలదే. లాంతర్లున్నాయి. రసం గడ్డకట్టుకుని రెండుమూడు రోజులు సెలవు దొరికిందని క్లేటన్ మావయ్య సంబరపడ్డాడు. తర్వాత గాలి దక్షిణానికి తిరిగింది. పొద్దున లేచేసరికి చూరునుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, వాకిట్లో మంచు బురదై నేల కనిపిస్తోంది. ఆర్లీన్ బడికెళ్ళింది. రాయిస్, మావయ్య పొంగిపొర్లుతున్న బకెట్ల వెనకాల పడ్డారు. నేను కట్టెల కొట్టంలోకి వెళ్ళి ఫ్రీజరు మూతెత్తాను.

పైనున్న బీన్సు సంచి వేలితో నొక్కితే మెత్తగా దిగింది.

డబ్బా మూత తీసి చూసే ధైర్యం లేక ఊపి చూశాను. లోపల నీళ్ళ చప్పుడు లేదు. కానీ తగరం చెమ్మగా ఉంది. సాయంత్రందాకా ఆగితే ఆ పిల్ల వచ్చి, మూతెత్తి, కొన్ని నీళ్ళు చూస్తుంది. వాళ్ళమ్మ శాలువా కప్పుకుని వెళ్ళి తెచ్చినదాంట్లో మిగిలేవి ఆ నీళ్ళే.

తోపు వెనక లోయ ఒకటుంది. హెమ్లాక్ చెట్లు కమ్మేసి ఎండ దూరదు. ఏ మంచైనా అక్కడ మే నెలదాకా ఉంటుందని రాయిస్ ఒకసారి అన్నాడు. డబ్బాని దుప్పట్లో చుట్టి, ఒక సంచిలో రంపపుపొట్టు నింపుకుని బయల్దేరాను. పసిపిల్లని ఎత్తుకున్నట్టు డబ్బాని రొమ్ముకి హత్తుకుని నడిచాను. తోపు దాటాక మంచు ఇంకా లోతుగానే ఉంది, పైన మాత్రం మెత్తబడింది. అడుగేస్తే తొడదాకా దిగిపోయేది. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. లోయలోకి వెళ్ళేసరికి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా ఊపిరి ఎవరిదో అనిపించింది. పాత మంచు చేత్తో తవ్వి, పొట్టు పరిచి, డబ్బా పెట్టి, మళ్ళీ పొట్టు పోసి, పైన మంచు కప్పాను. ఎందుకో అక్కడ నిలబడి హేజల్‌తో మాట్లాడాను. "చూడమ్మా, నీ వస్తువు జాగ్రత్తగానే పెట్టాను. పేర్ల సంగతి నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాను. ఆవిడతో నాకు ఏ పేచీ లేదు, ఆ రోజు ఆ సంగతి తెలిసింది.

తిరిగొస్తుంటే రాయిస్ ట్రాక్టరు ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. నడుందాకా తడిసి ఉన్నాను. సంగతి చెప్పాను.

"మాంసం అలాగే వదిలేసి మంచు మోసుకెళ్ళావా?"

"మాంసం మళ్ళీ దొరుకుతుంది."

అతను టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత వారమంతా జింక మాంసం పొద్దునా సాయంత్రం వండుకు తిన్నాం. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ సాయంత్రం బస్సు ఆగిన చప్పుడు విన్నాను. కట్టెల కొట్టంలో మూత కిర్రుమంది. మూసుకున్న చప్పుడు రాలేదు. వంటింటి తలుపు తెరిచి, బురద బూట్లతోనే ఆర్లీన్ నిలబడింది. మొహం పాలిపోయింది.

"అది ఏదండీ?"

చెబుదామని నోరు తెరిచాను. ఆ ఇంట్లో నేను ఏ మాటన్నా తప్పు మాటే అవుతూ వచ్చింది. ఇది కూడా తప్పుగా చెబుతానేమోనని భయం వేసింది.

"బూట్లు విప్పకు. నాతో రా."

"పారబోశారా?"

"రా."

ముందు నేను, వెనక తను. తోపు దాటాక వెనక్కి తిరిగి చూస్తే నా అడుగుల గుంటల్లోనే అడుగులేస్తూ వస్తోంది. ఏడవడం లేదు. అంతకంటే ఏడుపే నయం. లోయలోకి దిగి, మంచు కుప్ప చూపించి పక్కకి తప్పుకున్నాను. తను మోకాళ్ళమీద కూచుని తవ్వింది. పొట్టు తేలింది, తర్వాత మూత. దాన్ని పైకి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఏమీ చప్పుడు కాలేదు. ఇంకోసారి ఊపింది. అప్పుడు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూచుంది.

"కరెంటు లేదుగా. కరుగుతోందని తెచ్చాను. మూత తియ్యలేదు" అన్నాను.

"ఎలా తెచ్చారు?"

"ఎత్తుకుని."

"పడ్డారా?" నా స్కర్టు వైపు చూసింది.

"నేను పడ్డాను. డబ్బా పడలేదు."

తను మెడలో ఉన్ని మఫ్లర్ తీసి డబ్బాకి చుట్టి, మళ్ళీ గుంటలో పెట్టింది. "పొట్టు ఇంకా కావాలి. రేపు తెస్తాను" అంది. ఇద్దరం కలిసి మంచు కప్పాం. నేను కప్పిన చోట తను ఇంకోసారి అరచేత్తో తట్టి సరిచేసింది.

తిరుగుదారిలో తను నా పక్కకి వచ్చి నడిచింది. చెట్లమధ్య వెలుతురు పల్చగా, నీలంగా ఉంది. బకెట్లలో రసం పడే చప్పుడు చుట్టూ వినిపిస్తోంది.

"మామిడికాయ నిజంగా ఎలా ఉంటుందండీ?"

"నాకేం తెలుసు? నేనెప్పుడూ చూడలేదు. వేడి దేశాల్లో కాస్తుందిట."

"చూడకుండానే మిరపకాయని పట్టుకుని మామిడికాయ అంటారా?"

"మా అమ్మ అనేది. అందుకని అంటాను."

"మీ అమ్మ ఉన్నారా?"

"లేదు. నేను నీ అంత ఉన్నప్పుడు పోయింది."

కొంతదూరం నడిచాక మళ్ళీ అడిగింది. "మరి ఇక్కడ ఎవరికీ అర్థం కాదుగా. అయినా ఎందుకంటారు?"

"నేను కూడా మానేస్తే ఆ మాట అనేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాను. నాకు కళ్ళు మండాయి, గాలికేనన్నట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఆర్లీన్ ఇంటికొచ్చాక బూట్లు విప్పి నా బూట్ల పక్కన ఆరబెట్టింది. ఆ రోజు అన్నానికి మాకరోనీ వండాను. నేను దానికి ఏ పేరూ చెప్పలేదు, తనూ చెప్పలేదు. ఇద్దరం రెండోసారి వడ్డించుకున్నాం.

కరెంటు వచ్చాక డబ్బా తిరిగి ఫ్రీజర్లోకి చేరింది. దాన్ని మోసుకొచ్చింది ఆర్లీనే. అయినా మా మధ్య ఏదో తేలిపోయిందని నేననుకోలేదు. 'అండీ' అలాగే ఉంది. ఒకటి మాత్రం మారింది. 'మా అమ్మ అలా అనదు' అనే మాట ఆ తర్వాత వినపడలేదు. దానికి సంతోషించాలో, పిల్ల నాతో ఆ మాత్రం మాట్లాడటం కూడా మానేసిందని బాధపడాలో తెలిసేది కాదు. ఐడాకి ఫోన్లో అదే చెప్పాను. "గది దులిపి పెట్టనా?" అంది.

ఏప్రిల్‌లో కప్పలు అరవడం మొదలెట్టాయి. కప్పలరిచాక వచ్చే రసం నల్లగా, మొగ్గల వాసనతో ఉంటుంది. అది ఆఖరుది. లోయలో తప్ప ఎక్కడా మంచు లేదు. గడ్డి గోధుమరంగులో ఒత్తుకుపోయి ఉంది. ఆ ఆఖరు రసం కాచే రోజు చక్కెర కొట్టంలో ఒళ్ళు అలిసిపోయి, కళ్ళు మూతలు పడుతూ, ఆవిరిలో అందరం ఒకరికొకరం కలలో మనుషుల్లా తిరుగుతున్నాం. మర్నాడు బకెట్లు కడగాలి. రాయిస్ నా వైపు చూసినప్పుడల్లా ఆ సంగతే గుర్తు చేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు తలుపు తోసుకుని ఆర్లీన్ వచ్చింది. రెండు చేతులతో ఆ డబ్బా పట్టుకుని ఉంది. బల్లమీద పెట్టింది.

"నాన్నా, మంచుమీద చక్కెర చేసుకుందాం."

రాయిస్ చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. క్లేటన్ మావయ్య ఒక్క క్షణం చూసి, "అయితే ఊరగాయలు తేవాలి. డోనట్లు కూడా" అని గబగబా ఇంటివైపు వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళాడని నా అనుమానం. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

డబ్బా మూత బిగుసుకుపోయింది. గరిటె కాడతో లేపాను. లోపల మంచు ఉప్పురవ్వలాగా గరుకుగా, ఇంకా తెల్లగా ఉంది. ఆర్లీన్ చెంచాతో గీకి పళ్ళెంలో వేసి, అరచేత్తో ఒత్తింది. సగందాకా గీకి ఆగింది. మూత జాగ్రత్తగా బిగించి పక్కన పెట్టింది. అప్పుడు పాకం గిన్నె నా వైపు జరిపింది.

"మీరే పొయ్యండి. నాన్న పోస్తే ముద్దగా పడుతుంది."

పాకం ముదిరిందో లేదో చూడటానికి ఒక చుక్క ఆ మంచుమీద వేశాను. దిగిపోకుండా పైనే నిలిచింది. సన్నటి తీగలుగా అటూ ఇటూ పోశాను. మంచు చిన్నగా సుయ్‌మంది. తీగలు గట్టిపడి, తేనెరంగులో మెరిశాయి. ఆర్లీన్ ఫోర్కుకి ఒక తీగ చుట్టుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం తన మొహమే చూస్తూ నిలబడ్డాం.

"అలాగే ఉంది" అంది కాసేపటికి. బుగ్గలమీద నీళ్ళు జారుతున్నాయి, నమలడం మాత్రం ఆపలేదు.

తర్వాత అందరం తిన్నాం. తీపి మొహం మొత్తితే పుల్లటి దోసకాయ ఊరగాయ కొరుక్కుని మళ్ళీ తీపి తినడం అక్కడి పద్ధతి. మా ఊళ్ళో అలా చెబితే తన్ని తరుముతారు. నేను మొహం చిట్లిస్తూ కొరికితే మావయ్య పడీపడీ నవ్వాడు. నిజం చెప్పాలంటే బాగుంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పళ్ళెంలో మంచు నీరయ్యాక రాయిస్ డబ్బా వైపు చూశాడు. "ఆ మిగిలింది కూడా కానిచ్చేద్దామా?"

"వద్దు. అది జులైకి." ఆర్లీన్ డబ్బా ఒళ్ళోకి తీసుకుంది. అతనికి చెబుతూ నా వైపు చూసింది. "ఇవాళ అమ్మ చెప్పే పేరుతో తిన్నాం. మిగతాది స్పాట్జాకి. నా పుట్టినరోజున నువ్వు చేస్తావుగా?"

తలూపాను. తను అది చాలనుకుని డబ్బా పట్టుకుని బయటికెళ్ళింది. కట్టెల కొట్టంలో మూత కిర్రుమని తెరుచుకోవడం, వెంటనే మూసుకోవడం వినబడింది.

మర్నాడు వాకిట్లో వేడినీళ్ళు పెట్టుకుని అందరం బకెట్లు కడిగాం. నేను తోమితే ఆర్లీన్ తొలిచి, గడ్డిమీద వరసగా బోర్లించింది. ఆదివారం ఐడా ఫోన్ చేసింది.

"బకెట్లు కడగడం అయిందా?"

"అయింది."

"మరి ఎప్పుడొస్తున్నావు?"

"ఆ గది ఎవరికైనా ఇచ్చెయ్యక్కా. జులైలో నాకిక్కడ పనుంది. స్పాట్జా చెయ్యాలి."

"అక్కడ దాన్ని అలా అనరన్నావుగా?"

వంటింట్లోంచి ఆర్లీన్ గొంతు వినిపిస్తోంది. ముంచుడు గుడ్డు వేడిగా ఉండగానే తినాలని వాళ్ళ క్లేటన్ తాతయ్యకి పాఠం చెబుతోంది.

"ఈ ఊళ్ళో అనరు," అన్నాను. "మా ఇంట్లో అంటారు."